బ్రాడ్‌మన్ కార్డు నకిలీదని అనుమానం, నేను కూడా గమ్మున అమ్మేయొచ్చా?

కడప కారం:

అందరికీ నమస్తే. పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి. నాది కడప. రెండేళ్లుగా పాత క్రికెట్ కార్డులు పోగేస్తున్నా. చిన్నప్పుడు బబుల్ గమ్‌తో వచ్చే బొమ్మలు, డబ్ల్యూడబ్ల్యూఎఫ్ ట్రంప్ కార్డులు బడి సంచిలో వేసుకుని తిరిగిన పిచ్చి, జీతం వచ్చాక ముదిరింది. ఇది మా ఆవిడ మాట.

మాకు ఫోన్‌లో ఒక గ్రూపు ఉంది, రెండొందల మంది దాకా ఉంటారు, ప్రతి ఆదివారం రాత్రి తొమ్మిదికి వేలం. పోయిన నెల కర్నూలు ఆయన ఒకరు, ఇంగ్లండ్ సిగరెట్ కంపెనీ జాన్ ప్లేయర్ అండ్ సన్స్ వాళ్లు సిగరెట్ పెట్టెల్లో పెట్టిన క్రికెటర్స్ 1938 సెట్‌లోని ఆస్ట్రేలియా ఆటగాడు బ్రాడ్‌మన్ కార్డు పెట్టాడు. వాళ్ల జేజినాయన గుంతకల్లు లోకో షెడ్డులో పనిచేసేవాడట, ఆస్ట్రేలియా వెళ్లిపోతున్న ఆంగ్లో ఇండియన్ డ్రైవరు ఒకాయన పోతూ పోతూ సిగరెట్ కార్డుల ఆల్బమ్ ఈయన చేతిలో పెట్టి వెళ్లాడట. నిజం చెప్పాలంటే నేను కార్డు కంటే ముందు ఆ కథకు పడిపోయా. పాట రెండు వేలతో మొదలైంది. నేను ఎంత అంటే దానిమీద ఐదొందలు వేస్తూ ఒకాయన వెంటపడ్డాడు. చివరికి 14,500కి నా పాట నిలిచింది. ఇంట్లో ఆ అంకె పూర్తిగా చెప్పలేదు, అది వేరే విషయం.

కార్డు వచ్చింది, చూడముచ్చటగా ఉంది. మా ఫ్రెండు బ్యాంకులో పనిచేస్తాడు, సరదాకి నోట్లు చూసే అల్ట్రావయొలెట్ లైటు కింద పెడితే నీలంగా వెలిగిపోయింది. పక్కన మా తాత నాటి పాత పంచాంగం కాగితం పెడితే అది చప్పగా, మట్టి రంగులోనే ఉంది. గుండె జారింది. అమ్మినాయనకు ఫోన్ చేస్తే "ఫోటోలు చూసే కదన్నా పాడినావు, గ్రూపు రూలు తెలుసు కదా, అమ్మిన సరుకు వాపసు లేదు" అన్నాడు. ఆ తర్వాత గ్రూపులో పాత మెంబరు ఒకరు విడిగా మెసేజ్ పెట్టి, నా మీద ఐదొందలు ఐదొందలు వేసింది ఆయన సొంత బామ్మర్దే అని చెప్పాడు.

ఇప్పుడు అసలు ప్రశ్న. అదే గ్రూపులో ఇంకొకరు బ్రాడ్‌మన్ కార్డు కావాలని అడుగుతున్నారు, 12,000 దాకా ఇస్తారట. నేను అబద్ధం ఏమీ చెప్పను. "కర్నూలు ఆయన దగ్గర గ్రూపు వేలంలో కొన్నా" అంటా, అది నిజమే కదా. లైటు సంగతి మాత్రం ఎత్తను. నాకు అంటించినోడు హాయిగా ఉన్నాడు, నేను మాత్రం ఎందుకు నష్టపోవాలి? ఇది తప్పా? మనసు ఒప్పుకోవడం లేదు కాబట్టే అడుగుతున్నా అనుకోండి.

పాత బిళ్ళలు:

తమ్ముడూ, నాది అనంతపురం, నాణేలు, స్టాంపులు ముప్ఫై ఏళ్లుగా చూస్తున్నా, కార్డులు కొంచెం తెలుసు. నీ ప్రశ్నకు తర్వాత వస్తా, ముందు కార్డు సంగతి తేల్చు. ప్లాస్టిక్ కవర్లో పెట్టే లైటు కింద చూసినావా, బయటికి తీసి చూసినావా? కొన్ని కవర్లు వాటంతట అవే వెలుగుతాయి. బయటికి తీసి, పక్కన తెల్ల జెరాక్స్ కాగితం ఒకటి, నువ్వు చెప్పిన పంచాంగం ఒకటి పెట్టి మూడూ కలిపి చూడు. కాగితాన్ని తెల్లగా మెరిపించే మందు కలపడం రెండో ప్రపంచ యుద్ధం తర్వాతే వాడుకలోకి వచ్చింది. 1938 కాగితం అలా వెలగకూడదు. వెలిగితే నకిలీ అనే. కానీ వెలగకపోతే అసలు అని మాత్రం కాదు, పాత పుస్తకాల చివర ఉండే ఖాళీ కాగితాలు చించి వాటిమీద అచ్చేసే మహానుభావులూ ఉన్నారు.

తర్వాత బంగారం అంగడి వాళ్లు కంటికి పెట్టుకునే పది రెట్ల భూతద్దం తెచ్చుకో. బొమ్మ వదిలెయ్, పేరు రాసిన అక్షరాలు చూడు, చుట్టూ ఉన్న గీత చూడు. అసలు కార్డులో అక్షరం సిరా నిండుగా, ఏకంగా ఉంటుంది. పాత కార్డును స్కాన్ చేసి మళ్లీ అచ్చేసిన దాంట్లో అక్షరం కూడా రంగు రంగుల చుక్కలుగా విడిపోయి కనిపిస్తుంది, ఎందుకంటే ఆ యంత్రానికి అక్షరమూ బొమ్మే. నాకు తెలిసి ఇంతకు మించిన పరీక్ష లేదు. కొలత కూడా చూడు, సుమారు 68 మిల్లీమీటర్ల పొడవు, 36 వెడల్పు ఉండాలి. వెనకవైపు చూడు. ఆ కాలంలో చాలా సిగరెట్ కార్డులకు వెనక జిగురు పూత ఉండేది, పెన్నీకి దొరికే ఆల్బమ్‌లో తడిపి అంటించుకోవడానికి. ఆల్బమ్ నుంచి వచ్చిన కార్డు అంటున్నాడు కదా, మరి వెనక అంటించిన గుర్తు ఉందా? నీట్‌గా ఉంటే ఆ కథే కార్డుకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్తాంది.

వాసన కూడా చూడు, నవ్వొద్దు. టీ డికాషన్‌లో ముంచి పాతగా చేసినవి నేను చూశా. నిజంగా ముసలిదైన కాగితం అంచుల నుంచి లోపలికి పండుతుంది, టీలో ముంచింది అంతా ఒకే తీరుగా ఉంటుంది.

ఇంకో మాట, ఇది విని బాధపడొద్దు. అసలుదే అయినా 14,500 ఎక్కువ. ఆ రోజుల్లో సిగరెట్ కార్డులు లక్షలకు లక్షలు అచ్చేశారు, యుద్ధం వచ్చి కాగితం కరువయ్యేదాకా. ఇంగ్లండ్‌లో ఆ యాభై కార్డుల సెట్టు మొత్తం మామూలు కండిషన్‌లో కొన్ని పదుల పౌండ్లకే దొరుకుతుంది. బ్రాడ్‌మన్ ఒక్కడికి కాస్త గిరాకీ ఎక్కువ, అంతే. పాతది అంటే ఖరీదైనది అనుకుంటారు మనవాళ్లు, పాతదానికి విలువ తెచ్చేది కరువు, వయసు కాదు.

ఆదోని యార్డు:

మా నాయన కమిషన్ ఏజెంటు, పత్తి పాటల మధ్యనే పెరిగినా, అందుకని కార్డు గురించి కాకుండా పాట గురించి చెప్తా. యార్డులో రెండు రకాల దొంగతనాలు ఉంటాయబ్బా. కొనేవాళ్లంతా లోపల మాట్లాడుకుని రింగు అయిపోయి ధర తొక్కేది ఒకటి. తొలకరి పడంగానే జొన్నగిరి, తుగ్గలి, పగిడిరాయి చేలల్లో వజ్రాలకు జనం పడతారు కదా, అక్కడ దొరికిన రాయిని వ్యాపారులు సిండికేటయి తక్కువకు కొట్టేస్తారనే మాట ఏటా వినబడేదే. రెండోది దానికి తిరగేసింది, అమ్మేవాడి మనిషే గుంపులో నిలబడి పాట లేపేది. మీ బామ్మర్ది కథ ఇది. వినాయకుడి లడ్డు పాటలో కమిటీ వాళ్ల పిల్లోడు ఒకడు ఊరికే లేపుతూ ఉంటాడు చూడండి, అదే. లడ్డు అయితే డబ్బు దేవుడికి పోతుంది కాబట్టి నవ్వుకుని ఊరుకుంటాం.

ఇది మన దగ్గరే అనుకోవద్దు. కార్డుల లోకంలో అన్నిటికంటే పేరున్న కార్డు కథే ఇది. అమెరికన్ టొబాకో కంపెనీ 1909 నుంచి 1911 మధ్య సిగరెట్ పెట్టెల్లో పెట్టిన బేస్‌బాల్ కార్డుల్లో హోనస్ వాగ్నర్ అనే ఆటగాడిది ఉంది, మిగిలినవి అరవైకి లోపే అంటారు. అందులో మిలమిలలాడే కార్డు ఒకదాన్ని 1991లో ఐస్ హాకీ ఆటగాడు వేన్ గ్రెట్జ్‌కీ, ఆయన జట్టు యజమాని బ్రూస్ మెక్‌నాల్ కలిసి సోథెబీస్ వేలంలో 4,51,000 డాలర్లకు కొన్నారు. అదే ఏడు మొదలైన పీఎస్ఏ అనే గ్రేడింగ్ కంపెనీ దానికి పదికి ఎనిమిది మార్కులు వేసి ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేసింది. చేతులు మారి మారి 2007 నాటికి 28 లక్షల డాలర్లు. అంత పాత కార్డుకు అంచులు అంత పదునుగా ఎట్లా ఉన్నాయని గొణిగినవాళ్లు ముందునుంచీ ఉన్నారు. చివరికి 2013లో బిల్ మాస్ట్రో, అప్పట్లో ఆ దేశంలో ఈ వ్యాపారానికి పెద్ద తలకాయ, ఎప్పుడో దాన్ని అమ్మకముందు పక్క అంచులు తానే కత్తిరించానని కోర్టులో ఒప్పుకున్నాడు. తన కంపెనీ వేలాల్లో దొంగ పాటలు పాడించింది కూడా ఒప్పుకున్నాడు. 2015లో 20 నెలల జైలు పడింది.

నాకు ఇందులో వింతగా అనిపించేది ఏందంటే, కత్తెర పట్టుకున్న చేయి, పాట లేపిన చేయి ఒకటే. కార్డు మీద అబద్ధం ఆడేవాడు ధర మీద మాత్రం నిజం ఆడతాడా? నీకు కార్డు మీద అనుమానం వచ్చిన రోజే బామ్మర్ది సంగతి కూడా బయటపడిందంటే నాకేం ఆశ్చర్యం లేదు.

నంద్యాల రోడ్డు:

అందరూ హరిశ్చంద్రుడి మనవళ్లలా మాట్లాడుతున్నారు. ఈయన ఏమన్నా కార్డు తయారు చేసినాడా? లేదు. అసలుదని గ్యారంటీ ఇస్తున్నాడా? లేదు. కొనేవాడికి కళ్లు లేవా? ఈయన ఫోటోలు చూసి కొన్నాడు, ఆయనా ఫోటోలు చూసే కొంటాడు. లక్షల డాలర్ల కార్డే సీలు పెట్టెలో కూర్చుని అందర్నీ మోసం చేసిందని పైన మీరే చెప్పారు. ఇంక ఎవరిని నమ్మాలి? అమ్మేయ్ బ్రో. 2,500 పోయింది, ట్యూషన్ ఫీజు అనుకో.

పాత బిళ్ళలు:

నంద్యాల రోడ్డుకు, ఒక తేడా ఉంది నాయనా. నకలు అచ్చేయడమే తప్పు కాదు. పాత సెట్లను ముచ్చట కోసం మళ్లీ అచ్చేసి, వెనకాల రీప్రింట్ అని రాసి, చక్కగా తక్కువ ధరకు అమ్మేవాళ్లు ఉన్నారు. నా దగ్గరా కొన్ని ఉన్నాయి, ఫ్రేము కట్టించి గోడకు పెట్టుకున్నా. ఆ ఒక్క మాట చెరిపేసిన రోజున అదే కాగితం మోసం అవుతుంది. ఈ తమ్ముడు చెరిపింది కాదు, కరెక్టే. కానీ అది చెరిగిపోయి ఉందని తెలిసిన మనిషి.

నల్లకోటు:

కర్నూలులో ప్రాక్టీసు చేస్తాను, క్రిమినల్ ఎక్కువ, అయినా ఇది చట్టం పుస్తకంలో శుభ్రంగా ఉన్న విషయమే కాబట్టి రాస్తున్నా. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం, సెక్షన్ 64 మొత్తం వేలాల గురించే. అమ్మేవాడు తన తరఫున కూడా పాట ఉంటుందని ముందే చెప్పకపోతే, తాను పాడకూడదు, ఇంకొకరితో పాడించకూడదు. పాడిస్తే కొన్నవాడు ఆ అమ్మకాన్ని మోసంగా తీసుకోవచ్చు. ధర పెంచడానికి ఉత్తుత్తి పాట పెట్టారంటే, కొన్నవాడికి ఇష్టం లేకపోతే అమ్మకం రద్దు. గ్రూపు రూలు అని అడ్డం పెట్టుకుంటే నడవదు. అదీకాక వర్ణన చెప్పి అమ్మిన సరుకు ఆ వర్ణనకు సరిపోవాలని సెక్షన్ 15. 1938 బ్రాడ్‌మన్ అని అమ్మితే అది 1938దే అయి ఉండాలి. వాపసు లేదు అనే మాట చెల్లేది, చెప్పిన సరుకు ఇచ్చినోడికే.

అయితే రెండు చిక్కులు. బామ్మర్ది అయినంత మాత్రాన పాడకూడదని లేదు, ఆయనకూ కార్డుల పిచ్చి ఉండొచ్చు. ఆయన అమ్మేవాడి కోసం పాడాడని మీరు చూపించాలి. గ్రూపులో పాత వేలాలు వెనక్కి వెళ్లి చూడండి, ఆ నంబరు ఎప్పుడూ ఈయన సరుకు మీదే పాడి ఎప్పుడూ ఓడిపోతుంటే అదే మాట్లాడుతుంది. స్క్రీన్‌షాట్లు ఇప్పుడే తీసుకోండి, మెసేజ్‌లు మాయమవడానికి ఎంతసేపు.

రెండో చిక్కు మీది. పైన ఒకాయన అమ్మేయమన్నారు. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 17 కింద వివరణ ఉంది, ఊరికే మౌనంగా ఉండటం మోసం కాదని. అది చదివి సంబరపడే క్లయింట్లు నాకు చాలామంది తగిలారు. అదే సెక్షన్ పైన ఇంకోటి ఉంది. తాను నమ్మని విషయాన్ని నిజమని చెప్పడం మోసం, తెలిసిన సంగతిని కావాలని దాచడం మోసం. మీరు గ్రూపులో కార్డు పెట్టి కింద ఏమని రాస్తారు? "బ్రాడ్‌మన్, 1938" అనే కదా. మీరు మౌనంగా ఎక్కడున్నారు ఇంక?

కడప కారం:

అక్కా, చివరి లైను చదివి ఫోన్ పక్కన పెట్టేసినా. ఒప్పుకుంటున్నా.

అప్‌డేట్. అంగడి ఆయన దగ్గర భూతద్దం తీసుకుని చూశా. బ్రాడ్‌మన్ పేరులో ప్రతి అక్షరమూ చుక్కలే, గులాబీ చుక్క, నీలం చుక్క, మామూలు కంటికి నల్లగా కనిపించేది. కవర్లోంచి తీసి లైటు కింద పెట్టినా జెరాక్స్ కాగితానికి తమ్ముడిలా వెలిగింది. వెనకాల జిగురు లేదు, అంటించిన గుర్తు లేదు. పాత వేలాలు చూశా, ఆ నంబరు ఏడుసార్లు పాడింది, ఏడూ ఈయన సరుకే, ఒక్కటి కూడా కొనలేదు. అన్నీ ఆయనకే పంపించి, ఈ లింకు కూడా పెట్టా. చూద్దాం.

గుంతకల్లు మనవడు:

అమ్మింది నేనే. మూడు రోజులుగా చదువుతున్నా, ఇంక రాయకపోతే బాగుండదు.

ఆల్బమ్ నిజం. మా జేజినాయన నిజం, ఆ డ్రైవరు దొర నిజం, మా ఇంట్లో ఇప్పటికీ ఆయన ఇచ్చిన టీ కెటిల్ ఉంది. కానీ ఆల్బమ్‌లో 49 కార్డులే ఉన్నాయి, బ్రాడ్‌మన్ చోటు ఖాళీ. ఎవరు పీక్కున్నారో తెలీదు. కొన్నేళ్ల కింద హైదరాబాద్‌లో పాత పుస్తకాలు అమ్మే చోట ఈ కార్డు కనిపిస్తే ఆ ఖాళీలో పెట్టుకోవడానికి కొన్నా. అంటించలేదు, ఊరికే దోపి పెట్టినా. అమ్మేటప్పుడు ఆల్బమ్ కథ చెప్పినా, ఈ ముక్క చెప్పలేదు. నకిలీ అని నాకు తెలీదు, ఒట్టు. కానీ ఆల్బమ్‌ది కాదని తెలుసు.

మా బామ్మర్ది మాట కూడా నిజమే. ఐదు వేల కంటే తక్కువకు పోనీయొద్దని చెప్పినా. వాడు ఉత్సాహంలో 14,000 దాకా లాగినాడు, నాకే భయం వేసింది, వాడి మీదే నిలిచిపోతుందేమో అని. డబ్బు మొత్తం వెనక్కి ఇస్తా అన్నా. నంబరు పంపించు.

ఆదోని యార్డు:

ఐదు వేలకు తక్కువ వద్దు అనుకుంటే దానికి మన దగ్గర సర్కారు పాట అని ముచ్చటైన పేరు ఉంది కదప్పా. ఇంతకు తక్కువకు ఇవ్వను అని మొదట్లోనే రాసి పెడితే సరిపోయేది. బామ్మర్ది ఎందుకు మధ్యలో.

నంద్యాల రోడ్డు:

సరే, ఇది మంచిగా అయిపోయింది. కానీ ఈయన ఒక్కడు ఒప్పుకున్నాడు. మిగతా ఆరుసార్లు పాట లేపితే కొన్నవాళ్ల సంగతి? వాళ్లకు ఎవరు ఇస్తారు?

గుంతకల్లు మనవడు:

అవి అసలు కార్డులే అన్నా, ఆల్బమ్‌లోంచి పీకినవి, వెనక జిగురు మరకలు కూడా ఉంటాయి. ధర సంగతి అంటావా... గ్రూపులో రాస్తా. ఎవరికి కావాలంటే వాళ్లకు వాపసు తీసుకుంటా. కొంచెం టైమ్ ఇవ్వండి, ఒకేసారి అంటే నా దగ్గర లేవు.

కడప కారం:

డబ్బు వస్తే కార్డు వెనక్కి పంపాలి కదా. పంపితే అది మళ్లీ ఎక్కడో ఒకచోట తేలుతుందని భయంగా ఉంది. వెనకాల రీప్రింట్ అని పెన్నుతో రాసి పంపనా? లేక చించేయమంటారా? అన్నా, మీరు కూడా చదువుతున్నారు కాబట్టి ముందే అడుగుతున్నా, తప్పుగా అనుకోవద్దు.

నల్లకోటు:

అమ్మకం రద్దయితే వస్తువు ఆయనది. ఆయన వస్తువు మీద మీరు రాయకూడదు, చించకూడదు. ఆయన సరే అంటే రాయండి.

గుంతకల్లు మనవడు:

రాసెయ్. చించొద్దు, ఆ ఖాళీ చోట్లోనే పెట్టుకుంటా. నేను పోయాక మా పిల్లోడు అమ్మితే వాడికైనా తెలియాలి కదా.

పాత బిళ్ళలు:

బాల్ పెన్ను వద్దు, ఒత్తుకుని ముందువైపు తేలుతుంది. చెరగని నల్ల ఇంకుతో, చిన్నగా, వెనకాల ఒక మూల. పెన్సిల్ అసలే వద్దు, రబ్బరుతో పోయేది రాసినా రాయనట్టే. ఇంకో మాట కర్నూలు ఆయనకు, మిగిలిన కార్డులు ఆల్బమ్‌లోంచి ఇంకేం పీకకు. అంటించి ఉన్న సెట్టుగా, డ్రైవరు కథతో సహా ఉంటేనే దానికి ముచ్చట. అనంతపురం వచ్చినప్పుడు ఒకసారి చూపించు, కొనడానికి కాదులే, చూడటానికి.

కడప కారం:

రాసేశా. రేపు పొద్దున్నే హెడ్ పోస్టాఫీసుకు పోతున్నా, స్పీడ్ పోస్టులో వేస్తా. 14,500 కూడా పడింది, థ్యాంక్స్ అన్నా, మనసులో ఏం పెట్టుకోవద్దు.

చిక్కల్లా ఒకటే. డబ్బు వేయడానికి నేనిచ్చిన నంబరు మా ఆవిడ అకౌంటుకు లింకై ఉంది. మెసేజ్ ఆమె ఫోన్‌కు పోయింది. కార్డు 4,500 అని చెప్పి ఉన్నా. వంటింట్లోంచి పిలుస్తోంది, మళ్లీ వస్తా.